పెట్టె విప్పాకే అసలు పని

పిట్ బైక్ అంటే నడుము ఎత్తు దాటని మట్టిదారి మోటారుసైకిల్. ముందు 14 అంగుళాల చక్రం, వెనక 12 అంగుళాల చక్రం, మధ్యలో 110 నుంచి 160 సీసీ దాకా ఉండే సింగిల్ సిలిండర్ ఇంజిన్, కిక్కు, నాలుగు గేర్లు. హెడ్‌లైటు ఉండదు, ఇండికేటర్లు ఉండవు, నంబరు ప్లేటు తగిలించే చోటే ఉండదు. మోటోక్రాస్ పోటీల దగ్గర రేసు బండ్లను సరిచేసుకునే పిట్‌లలో అటూ ఇటూ తిరగడానికి వాడిన ఈ చిన్న బండి, అమెరికా, ఆస్ట్రేలియా, బ్రిటన్‌లలో క్రమంగా సొంతంగా ఒక ఆటగా నిలబడింది. వీటిలో చాలా భాగం తయారయ్యేది చైనాలోనే. ట్యాంకు మీద అమెరికాలో ఎస్ఎస్ఆర్ అనో, ఆస్ట్రేలియాలో థంప్‌స్టార్ అనో, బ్రిటన్‌లో స్టాంప్ అనో రాసి ఉన్నా, ఇంజిన్ కేసు మీద పోతపోసిన అక్షరాలు చూస్తే పుట్టిన దేశం తెలిసిపోతుంది.

ఈ బండి ఇనుప చట్రంలో బిగించిన పెట్టెలో, సగం విప్పిన స్థితిలో కొన్నవారి ఇంటికి చేరుతుంది. ముందు చక్రం, హ్యాండిల్, మడ్‌గార్డు బిగిస్తే బండి సిద్ధమైపోయిందని కొత్తవాళ్లు అనుకుంటారు. అసలు పని అప్పుడే మొదలవుతుంది. ధర తక్కువగా ఉంచడానికి తయారీదారు ఎక్కడెక్కడ చెయ్యి బిగించాడో, ఆ చోట్లన్నిటినీ ఒక్కొక్కటిగా మెరుగుపరుచుకుంటూ పోవడమే దీని కస్టమైజేషన్. అందులో ఏది మార్చాలన్న దానికంటే ఏది ముందు మార్చాలన్నదే పెద్ద ప్రశ్న. చాలామంది సైలెన్సర్‌తో మొదలుపెట్టి, డబ్బు మిగిలితే బ్రేకుల దగ్గరికి వస్తారు. ఆ వరస పూర్తిగా తలకిందులు. బండి ఆగడం, వంగకుండా నిలవడం, గుంతను మింగడం కుదిరాకే వేగం సంగతి చూడాలి.

హోండా గీసిన కొలతలు

ఇంత చిన్న బండికి ఇన్ని విడిభాగాలు దొరకడానికి మూలం 1958లో హోండా విడుదల చేసిన సూపర్ కబ్. సిలిండర్ నిటారుగా నిలబడకుండా ముందుకు పడుకుని ఉండే ఆ ఇంజిన్, 1960లలో ఓవర్‌హెడ్ క్యామ్‌తో మెరుగుపడింది. టోక్యోలోని తమా టెక్ వినోద పార్కు కోసం 1961లో చేసిన మంకీ బండి, తర్వాత వచ్చిన జెడ్50 వరస, 2000 నాటి ఎక్స్ఆర్50, దాని స్థానంలో 2004లో వచ్చిన సీఆర్ఎఫ్50 అన్నీ ఆ కుటుంబానివే. 2017 నాటికి ఒక్క కబ్ వరసలోనే 10 కోట్ల బండ్లు తయారయ్యాయి. ఇన్ని బండ్లు మారినా ఇంజిన్‌ను ఫ్రేముకు వేలాడదీసే బోల్టు రంధ్రాల అమరిక పెద్దగా మారలేదు. జపాన్‌లో టకెగావా, కిటాకో లాంటి సంస్థలు మంకీ కోసం పెద్ద బోరు కిట్లు, క్యామ్‌షాఫ్టులు చేసి అమ్మడంతో, చిన్న ఇంజిన్‌ను పెద్దది చేసే సంప్రదాయం అక్కడే బలపడింది.

చైనాలో ఈ కథ చోంగ్‌చింగ్ నగరం చుట్టూ తిరుగుతుంది. ఆయుధాలు చేసే ప్రభుత్వ కర్మాగారం జియాలింగ్ 1970ల చివర మోటారుసైకిళ్ల తయారీలోకి దిగి, ఆ తర్వాత హోండాతో సాంకేతిక ఒప్పందం చేసుకుంది. యిన్ మింగ్‌షాన్ 1992లో స్థాపించిన లిఫాన్, జోంగ్‌షెన్, లోన్సిన్ కూడా ఆ ఊరివే. జపాన్ నమూనాల కొలతలనే అందరూ పట్టుకోవడంతో, ఒక ఫ్యాక్టరీ పోతపోసిన కేసులోకి మరో ఫ్యాక్టరీ గేర్లు, ఇంకో ఫ్యాక్టరీ కార్బ్యురేటర్ సరిపోయే పరిస్థితి వచ్చింది. ఒరిజినల్‌కు నకలు చేశారన్న ఫిర్యాదులు ఎన్ని ఉన్నా, ఈ ఏకరూపత వల్లే ఇవాళ ఒక కుర్రాడు ఇంటి వెనక షెడ్డులో ఇంజిన్ దింపి మరో ఇంజిన్ ఎక్కించగలుగుతున్నాడు.

ఈ ఇంజిన్ అమరిక చూడడానికి తెలుగువారు ఎక్కడికీ పోనక్కర్లేదు. 1985లో హీరో హోండా తెచ్చిన సీడీ100లోనూ, తర్వాతి స్ప్లెండర్‌లోనూ 50 మి.మీ. బోరు, 49.5 మి.మీ. స్ట్రోకుతో ఉండే 97.2 సీసీ ఇంజిన్ సిలిండర్ ఇలాగే ముందుకు పడుకుని ఉంటుంది. స్ప్లెండర్ హెడ్ విప్పి బిగించిన మెకానిక్‌కు పిట్ బైక్ ఇంజిన్ కొత్తగా అనిపించదు.

పార్టులు కొనేముందు ఇంజిన్ కేసు మీది కోడ్ చదవడం నేర్చుకోవాలి. ఉదాహరణకు 1పి54ఎఫ్ఎంఐ. మొదటి అంకె ఒకే సిలిండర్ అని, ‘పి’ అది పడుకుని ఉందని, 54 బోరు మిల్లీమీటర్లలో ఎంతో, ‘ఎఫ్’ గాలితో చల్లబడుతుందని, ‘ఎం’ మోటారుసైకిల్ ఇంజిన్ అని చెబుతాయి. చివరి ‘ఐ’ 125 సీసీ తరగతికి గుర్తు. అక్కడ ‘హెచ్’ ఉంటే 110, ‘జె’ ఉంటే 150 తరగతి. ట్యాంకు స్టిక్కర్ మీద ఏ సంఖ్య ఉన్నా పిస్టన్, రింగులు, గ్యాస్కెట్లు కొనాల్సింది ఈ కోడ్ ప్రకారమే.

ముందు పాన, తర్వాత పర్సు

కొత్త బండికి చేయాల్సిన మొదటి మార్పుకు దాదాపు డబ్బే అక్కర్లేదు. ప్రతి బోల్టూ విప్పి, చూసి, మళ్లీ బిగించడమే ఆ పని. ఫ్యాక్టరీలో కొన్ని బోల్టులు వదులుగా, కొన్ని మర పోయేంత బిగువుగా ఉండే అవకాశం ఉంది. ఇంజిన్ మౌంటింగులు, ఫుట్‌పెగ్‌లు, హ్యాండిల్ క్లాంపులు, బ్రేక్ కాలిపర్, వెనక స్ప్రాకెట్ దగ్గర మెత్తటి ఇనుప బోల్టులు తీసేసి తల మీద 8.8 లేదా 10.9 అని అచ్చు ఉన్న గట్టి బోల్టులు వేయాలి. అదురుకు ఊడిపోకుండా మరల మీద లాక్‌టైట్ చుక్క వేయాలి. ఇది కంటికి ఆనే మార్పు కాదు. అయినా మొదటి వారాల్లో బండిని కాపాడేది ఇదే.

తర్వాత బేరింగులు. చక్రాల ఇరుసు 12 మి.మీ. ఉంటే 6201, 15 మి.మీ. ఉంటే 6202 నంబరు బేరింగు పడుతుంది. ఈ రెండు నంబర్లూ ప్రపంచమంతా ఒకే కొలతతో దొరుకుతాయి. బైకు షాపులోనే కాదు, పంపుసెట్లు, ఫ్యాన్లకు బేరింగులు అమ్మే దుకాణంలోనూ అడగొచ్చు. రెండు వైపులా రబ్బరు సీలు ఉన్న మంచి కంపెనీ బేరింగు వేస్తే మట్టి, నీళ్లు లోపలికి పోవు. హ్యాండిల్ తిరిగే చోట విడి గోళీలతో వచ్చే కోన్‌సెట్ తీసేసి టేపర్ రోలర్ బేరింగు వేస్తే, దూకి దిగినప్పుడల్లా పడే దెబ్బను ఎక్కువ విస్తీర్ణం పంచుకుంటుంది. స్వింగ్‌ఆర్మ్ ఇరుసు దగ్గర గ్రీజు అసలు పెట్టారో లేదో చూడాలి. ప్లాస్టిక్ బుష్ ఉంటే దాని బదులు కంచు బుష్ వేయించుకోవడం మంచిది.

ఫ్రేము వెల్డింగు కూడా ఇప్పుడే పరిశీలించాలి. హ్యాండిల్ మెడ దగ్గర, ఫుట్‌పెగ్ బ్రాకెట్ దగ్గర, స్వింగ్‌ఆర్మ్ ఇరుసు దగ్గర పెయింటు మీద వెంట్రుకంత గీత కనిపిస్తే కింద ఇనుము చిట్లుతోందని అనుమానించాలి. అక్కడ పెయింటు గీకి చూసి, పగులు ఉంటే వెల్డింగు బాగు చేయించేదాకా బండి కదపకూడదు.

చక్రాలు, బ్రేకులు, షాకులు

స్పోక్‌లు మొదటి కొన్ని గంటల నడకలోనే సాగి వదులవుతాయి. వేలితో మీటితే ఒక్కో స్పోక్ ఒక్కో శబ్దం ఇస్తే చక్రం సమంగా లేనట్టే. ఇనుప రిమ్ముల చోట అల్లాయ్ రిమ్ములు వేస్తే బరువు తగ్గుతుంది. చక్రం బరువు తగ్గడం వల్ల షాక్‌కు పని తేలికవుతుంది కాబట్టి, బండిలో మరోచోట అంతే బరువు తగ్గించడం కంటే ఇది ఎక్కువ ఉపయోగం. టైర్ల కొలతలు ముందు 60/100-14, వెనక 80/100-12 అయితే ఎంపికకు లోటు ఉండదు, పిల్లల రేసు బండ్లకు వాడే మంచి టైర్లు ఆ కొలతల్లో దొరుకుతాయి. మట్టిలో పట్టు కోసం గాలి తక్కువగా, 12 నుంచి 15 పీఎస్ఐ మధ్య ఉంచుతారు. అంత తక్కువ గాలితో టైరు రిమ్ము మీద జారి ట్యూబు పిన్ను చిరిగిపోకుండా రిమ్ లాక్ బిగించాలి.

బ్రేకుల్లో డిస్కు మార్చాల్సిన అవసరం తరచుగా రాదు. ప్యాడ్లు, పైపు మారిస్తే చాలు. రబ్బరు పైపు ఒత్తిడికి కాస్త ఉబ్బుతుంది, లివర్ మెత్తగా అనిపిస్తుంది. స్టీలు తీగ అల్లిన పైపు ఉబ్బదు. పాత ఫ్లూయిడ్ తీసేసి కొత్త డాట్-4 పోసి, గాలి బుడగలు పోయేదాకా బ్లీడ్ చేయాలి. ఈ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి మూత తీసి పెట్టిన పాత డబ్బాలోది వాడకూడదు.

ఇక షాకులు. ఈ బండి స్వభావాన్ని అన్నిటికంటే ఎక్కువగా మార్చేవి ఇవే. పిల్లల బరువుకో, అటూ ఇటూ కాని సగటు బరువుకో సెట్ చేసి వచ్చిన షాక్ మీద 70 కిలోల మనిషి కూర్చుంటే అది సగం దాకా కుంగిపోతుంది. కొత్తది కొనే ముందు శాగ్, అంటే రైడర్ బరువుకు షాక్ కుంగే దూరం, కొలవాలి. వెనక ఇరుసు నుంచి నేరుగా పైన మడ్‌గార్డు మీద ఒక గుర్తుకు, మొదట చక్రం గాలిలో ఉన్నప్పుడు, తర్వాత రైడర్ హెల్మెట్, బూట్లతో సహా కూర్చున్నప్పుడు టేపు పెట్టి కొలవాలి. రెంటికీ తేడా మొత్తం ప్రయాణంలో సుమారు మూడో వంతు ఉంటే స్ప్రింగు సరిపోయినట్టు. అంతకంటే కుంగితే ముందు ప్రీలోడ్ నట్టు బిగించి చూడాలి. అది చాలా బిగించాల్సి వస్తే స్ప్రింగే మెత్తదని అర్థం. ఈ బండ్ల వెనక స్ప్రింగుల మీద 800, 1000, 1200 అని పౌండ్లలో అంకెలు ఉంటాయి. అంకె పెరిగేకొద్దీ గట్టిదనం పెరుగుతుంది.

షాక్ పొడవు విషయంలో తొందరపడి కొనకూడదు. రెండు కళ్ల మధ్య దూరం పాతదానికంటే ఎక్కువైతే బండి వెనక లేస్తుంది, ముందు ఫోర్కు కోణం నిటారవుతుంది. మలుపు త్వరగా తిరుగుతుంది కానీ వేగంలో హ్యాండిల్ ఊగుతుంది. చైను కూడా స్వింగ్‌ఆర్మ్‌ను రాసుకోవడం మొదలుపెడుతుంది. ముందు ఫోర్కుల్లో మాత్రం తక్కువ ఖర్చుతో చేయగలిగింది చాలా ఉంది. లోపలి ఆయిలు తీసేసి కాస్త చిక్కటిది, అంటే 10 బదులు 15 గ్రేడుది, రెండు కాళ్లలో సమానంగా కొలిచి పోస్తే దూకి దిగినప్పుడు ఫోర్కు అడుగు తగలడం చాలావరకు తగ్గుతుంది. అదీ చాలకపోతేనే గట్టి స్ప్రింగులు, ఆ తర్వాతే అడ్జస్ట్‌మెంట్ ఉన్న కొత్త ఫోర్కులు.

హ్యాండిల్ 22 మి.మీ. ఇనుప గొట్టం అయితే మొదటిసారి పడ్డప్పుడే వంగుతుంది. మధ్యలో 28.6 మి.మీ. లావుండే అల్యూమినియం బారు వేయడం ఖర్చుకు తగ్గ మార్పు. వెడల్పు ఫుట్‌పెగ్‌లదీ అదే తీరు.

పికప్ కోసం

ఇంజిన్ ముట్టుకోకుండా పికప్ పెంచే దారి స్ప్రాకెట్. ముందు 15 పళ్లు, వెనక 41 పళ్లు ఉన్న బండిలో నిష్పత్తి 2.73. ముందు ఒక్క పన్ను తగ్గించి 14 చేస్తే 2.93 అవుతుంది. వెనక మూడు పళ్లు పెంచి 44 చేసినా దాదాపు అంతే. ముందుది చిన్నది, చవక, మార్చడానికి అర గంట చాలు. అందుకే ముందు అక్కడ ప్రయత్నించాలి. అసలు చైనుగా వచ్చే 420 చైను సాగిపోతే అదే సైజులో మంచిది వేయొచ్చు. పెద్ద ఇంజిన్ ఉద్దేశం ఉంటే 428కి మారాలి. రెండింటి పిచ్ 12.7 మి.మీ. ఒకటే, వెడల్పు మాత్రం వేరు. కాబట్టి చైనుతో పాటు రెండు స్ప్రాకెట్లూ మారాలి.

కార్బ్యురేటర్ దగ్గర ఎక్కువ డబ్బు వృథా అవుతుంది. 125 ఇంజిన్‌కు 22 మి.మీ. కార్బ్యురేటర్ ఉంటే 26 మి.మీ.ది వేయడం సబబే. 28, 30 అంటూ పోతే కింది ఆర్‌పీఎంలో గాలి వేగం తగ్గి పెట్రోలు సరిగ్గా పొడి కాదు, బండి కిక్కుకు మొండికేస్తుంది. జపాన్ కంపెనీ పేరు చెక్కిన నకిలీ కార్బ్యురేటర్లు బజారులో విపరీతంగా ఉన్నాయి. చవకగా దొరికినప్పుడల్లా ముందు అనుమానించాలి.

కొత్త కార్బ్యురేటర్ బిగించగానే పని అయిపోదు, జెట్లు సరిపోల్చాలి. థ్రాటిల్ పావు వంతు తెరిచేదాకా పెట్రోలును నడిపేది పైలట్ జెట్. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్. ముప్పావు దాటాక మెయిన్ జెట్. ఏ దగ్గర తడబడుతోందో చూసి ఆ జెట్‌నే మార్చాలి, అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. మెయిన్ జెట్ సరిపోయిందో లేదో ప్లగ్గు చెబుతుంది. కొత్త ప్లగ్గు వేసి, ఫుల్ థ్రాటిల్‌లో కాసేపు నడిపి, అదే వేగంలో క్లచ్చు పట్టి ఇంజిన్ ఆపేసి ప్లగ్గు విప్పాలి. లోపలి తెల్ల పింగాణీ కాఫీ రంగులో ఉంటే సరి. మసిబారి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ. తెల్లగా కాలిపోయినట్టు ఉంటే గాలి ఎక్కువ, ఆ స్థితిలో నడిపితే పిస్టన్ పోతుంది. జెట్ మార్చకముందే మానిఫోల్డు దగ్గర గాలి దొంగతనంగా లాగడం లేదని తేల్చుకోవాలి. ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు జాయింటు మీద కార్బ్యురేటర్ క్లీనర్ కొద్దిగా కొడితే ఆర్‌పీఎం మారితే అక్కడ లీకు ఉన్నట్టే. అది మండే ద్రవం కాబట్టి ఎర్రగా కాలిన సైలెన్సర్ పైపు మీద పడకుండా చూసుకోవాలి.

సైలెన్సర్, ఫిల్టర్, జెట్టింగ్ మూడూ ఒకటే పని. గాలి బయటికి తేలిగ్గా పోతే లోపలికీ తేలిగ్గా రావాలి, దానికి తగినంత పెట్రోలు అందాలి. ఉత్త సైలెన్సర్ మార్చి ఊరుకుంటే శబ్దం పెరుగుతుంది, బండి వేడెక్కుతుంది, పికప్ అక్కడే ఉంటుంది. నూనె పట్టించిన ఫోమ్ ఫిల్టర్ ధూళికి మంచిది. అమెరికాలో ఫారెస్ట్ సర్వీస్ భూముల్లో నడపాలంటే సైలెన్సర్‌లో నిప్పురవ్వలు బయటికి రాకుండా ఆపే స్పార్క్ అరెస్టర్ తప్పనిసరి. ఎండాకాలం అడవి అంటుకోవడానికి ఒక్క రవ్వ చాలు కనుక ఈ నిబంధనను తేలిగ్గా తీసుకోకూడదు.

ప్లగ్గుకు స్పార్కు అందించే యూనిట్ బదులు రేసింగ్ సీడీఐ పేరుతో అమ్మే పెట్టె చాలా సందర్భాల్లో రెవ్ లిమిట్‌ను తీసేయడం తప్ప చేసేదేమీ లేదు. పాత వాల్వు స్ప్రింగులతో ఆ ఆర్‌పీఎంకు వెళితే వాల్వు సమయానికి మూసుకోదు, పిస్టన్‌కు తగిలే ప్రమాదం ఉంది. ఇది కొనకపోవడమే మేలు.

ఇంజిన్ మార్చాలా

పై పనులన్నీ అయ్యాక కూడా బలం చాలదనిపిస్తే, 125 ఇంజిన్‌ను విప్పి పెద్ద బోరు చేయడం కంటే మొత్తం ఇంజిన్ మార్చడమే తేలిక. వైఎక్స్ అనే చైనా కంపెనీ 140 ఇంజిన్ బోరు 56, స్ట్రోకు 57 మి.మీ. అదే కంపెనీ 160లో స్ట్రోకు అంతే, బోరు 60కి పెరిగి 161 సీసీ అవుతుంది. ఇవి పాత హోండా రంధ్రాల్లోనే కూర్చుంటాయి. అయినా సిలిండర్ హెడ్ పెద్దది కాబట్టి ముందు మడ్‌గార్డుకూ ఫ్రేము గొట్టానికీ తగులుతుందేమో కొలుచుకోవాలి. కార్బ్యురేటర్, సైలెన్సర్ పైపు, వైరింగు కూడా దానితో పాటు మారతాయి. చిన్న ఇంజిన్లలో క్రాంకు షాఫ్టు మీదే ఉండే క్లచ్చు ఈ పెద్దవాటిలో గేర్‌బాక్సు షాఫ్టు మీదికి వెళుతుంది. అందువల్ల క్లచ్చు పట్టి ఏ గేరులోనైనా కిక్కు కొట్టొచ్చు. కొండ మధ్యలో బండి ఆగిపోయినప్పుడు ఆ సౌకర్యం విలువ తెలుస్తుంది.

ఏ ఇంజిన్ అయినా బతికేది ఆయిలు మీద. ఇందులో లీటరు కూడా పట్టదు, చాలావాటిలో జల్లెడ తప్ప ఫిల్టర్ ఉండదు. కొత్త ఇంజిన్ మొదటి ఆయిలును కొద్ది గంటలకే తీసేస్తే అందులో మెరిసే లోహపు పొడి కనిపిస్తుంది. క్లచ్చు ఆయిల్లోనే మునిగి తిరుగుతుంది కాబట్టి డబ్బా మీద జాసో ఎంఏ అని ఉన్నదే పోయాలి. కార్ల ఆయిలు పోస్తే క్లచ్చు జారొచ్చు.

ట్యాపెట్ సెట్టింగ్, అంటే రాకరుకూ వాల్వుకూ మధ్య ఖాళీ సరిచేయడం, ఇంటి దగ్గరే చేసుకోగల పని. ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండాలి. ఎడమవైపు కవరు తీసి, మ్యాగ్నెట్ మీది ‘టి’ గీత కేసు మీది గుర్తుకు ఎదురుగా వచ్చేదాకా తిప్పాలి. రెండు రాకర్లూ వేలితో కదిపితే కొద్దిగా ఆడాలి. ఆడకపోతే మరో చుట్టు తిప్పాలి. హోండా చిన్న ఇంజిన్లలో కొలత 0.05 మి.మీ. ఆ మందం ఫీలర్ గేజ్ రేకు రాకరుకు, వాల్వుకు మధ్య కాస్త రాపిడితో జారాలి. లాక్‌నట్టు బిగించేటప్పుడు స్క్రూ తిరిగిపోతుంది, అందుకే బిగించాక మళ్లీ రేకు పెట్టి చూడాలి. ఖాళీ బొత్తిగా లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. మొదట్లో కిక్కు బరువు తగ్గడం, వేడి మీద స్టార్టు కాకపోవడం దానికి సూచనలు.

ఖర్చు లెక్క ముందే వేసుకోవాలి. చక్రాలు, షాకులు, ఇంజిన్ మూడూ మారిస్తే పార్టుల బిల్లు బండి ధరను దాటిపోవడం మామూలే. ఆ డబ్బుకు పాత జపాన్ బండి మంచిది దొరికే అవకాశం ఉంటే, కేవలం నడపాలనుకునేవాళ్లు అదే కొనుక్కోవడం మేలు. విప్పి, బిగించి, నేర్చుకోవాలనుకునేవాళ్లకు మాత్రం చైనా పిట్ బైక్‌ను మించిన పాఠశాల తక్కువ. పిల్లలకు ఇచ్చేటట్టయితే థ్రాటిల్ దగ్గర ఉండే పరిమితి స్క్రూ బిగించి, హెల్మెట్, బూట్లు, మోకాలి, ఛాతీ కవచాలు తొడిగి, పెద్దవాళ్లు పక్కన ఉండి నడిపించాలి.

మన దేశంలో ఇలాంటి బండి తెచ్చుకునేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం 39వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేని బండి ప్రజా రహదారి ఎక్కకూడదు. దాన్ని సొంత పొలంలోనో, అనుమతి ఉన్న ట్రాక్ మీదో నడపాలి, అక్కడిదాకా ట్రాలీలోనో వ్యానులోనో తీసుకెళ్లాలి. ఇక్కడ నేర్చుకున్న పనిని రిజిస్టరైన స్ప్లెండర్ మీద ప్రయోగించాలనుకునేవాళ్లకు 52వ సెక్షన్ అడ్డు వస్తుంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మారిస్తే, 2019 సవరణతో తిరగరాసిన 182ఎ సెక్షన్ కింద యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు.